బాయిలో బూట్లు, పెరట్లో చెప్పులు

మా బాపు బొగ్గు గనిలో, మేం బాయి అనే దాంట్లో, మైనింగ్ సర్దార్‌గా రిటైరయ్యాడు. ఆయన షిఫ్టులో పనిచేసినవాళ్లు గోదావరిఖని చౌరస్తాలో ఎదురైతే ఇప్పటికీ ఒకటే మాట అంటారు: "మీ బాపు ముందల నడిస్తే మాకు రంది ఉండకపోయేది." ఆ బాపే ఇంటికొచ్చాక లుంగీ ఎగ్గట్టి, హవాయి చెప్పులతో, నడుం లోతు గడ్డిలో కొడవలి పట్టుకుని దిగేవాడు. నేను ఆయన దగ్గర రెండూ నేర్చుకున్నాను. వర్క్‌షాపులో ఫిట్టర్‌గా ఉన్నన్నాళ్లు కళ్లద్దాలు లేకుండా గ్రైండింగ్ చక్రం ముందు నిలబడలేదు. ఇంట్లో మాత్రం బనియను, లుంగీ, చెప్పులు.

ఒక ఏడాది వానలు ఆగి ఆగి కురిశాయి. యైటింక్లయిన్ కాలనీలో మా క్వార్టర్ వెనక, మునగ చెట్టు నుంచి ప్రహరీ దాకా, గడ్డి నడుం దాటి లేచింది. పాత సామాన్ల దుకాణంలో తూకం లెక్కన కొనుక్కొచ్చిన పెట్రోలు గడ్డి మిషన్ ఒకటి నా దగ్గర ఉండేది. వెనక పిడి పట్టుకుని నెట్టుకుంటూ పోవాలి. సెప్టెంబరులో ఒక ఆదివారం పొద్దున దాన్ని బయటికి తీశాను. తాడు నాలుగుసార్లు లాగితే అందుకుంది. ఒక్క దెబ్బకే నేల కనబడాలని బ్లేడును బాగా కిందికి దించి పెట్టాను. రెండడుగులు వెళ్లేసరికి ఇంజను ఉక్కిరిబిక్కిరై ఆగింది. మళ్లీ తాడు, మళ్లీ ఆగడం. మూడోసారి కూడా ఆగేసరికి నాకు పట్టుదల వచ్చింది. ఈసారి ఒంటి బరువంతా పిడి మీద వేసి తోశాను.

టంగుమని ఒక చప్పుడు. ఆ వెంటనే కాలికి నిప్పు అంటుకున్నట్టయింది. చూస్తే బెత్తెడు జీఐ తీగ ముక్క, చీలమండకు నాలుగు వేళ్ల పైన, కండలో దిగబడి ఉంది.

కుట్లు వేయించుకోవడానికి వెళ్తే సిస్టరమ్మ రిజిస్టరు తెరిచి, తల ఎత్తకుండానే అడిగింది: "ఏ బాయి?"

"బాయి కాదు. ఇంట్ల."

అప్పుడు తల ఎత్తింది. ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఇంటికొచ్చేసరికి బాపు మంచం మీద కూర్చుని ఉన్నాడు. "బాయిల గిట్లనే దిగుతవారా?" అన్నాడు. నేను ఆయన కాళ్ల వైపు చూశాను. హవాయి చెప్పు పట్టీ తెగితే పిన్నీసు పెట్టి ఉంది. ఆయన కూడా అటే చూసుకున్నాడు. ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు.

ఆ సాయంత్రం నుంచి నన్ను ఒక ప్రశ్న వదలలేదు. జాగ్రత్త మనిషిలో ఎక్కడ ఉంటుంది? బుర్రలో ఉంటుందనుకుంటాం. నేను చూసినంతలో అది గేటు దగ్గర ఉంటుంది. బాయి మీదికి వెళ్తే మస్టర్ పడాలి. ల్యాంపు రూములో క్యాప్ ల్యాంపు తీసుకోవాలి. హెల్మెటు, బూట్లు లేనివాణ్ని లోపలికి పోనివ్వరు. పని చోటికి చేరినా సర్దార్ చూసి సరేననేదాకా చేయి పెట్టరాదు. అక్కడ జాగ్రత్తగా ఉండటానికి మనం పెద్దగా కష్టపడక్కర్లేదు, ఆ చోటే మనల్ని జాగ్రత్తలో పెడుతుంది. షిఫ్టు దిగి ల్యాంపు అప్పగించినప్పుడు దానితో పాటే జాగ్రత్తనూ అప్పగించి వస్తాం. ఇల్లు మనది, పెరడు మనది, ఆదివారం మనది. అడిగేవాడు లేడు.

ఈ ఊరికి ప్రమాదం అంటే ఏమిటో ఎవరూ నేర్పక్కర్లేదు. 2003 జూన్ 16న జీడీకే 7ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. ఆ రోజు తలుపుల ముందు నిలబడి ఎదురుచూసిన ఇళ్లు మా చుట్టుపక్కలే ఉన్నాయి. ఏటా రక్షణ పక్షోత్సవాలు జరుగుతాయి, బ్యానర్లు కడతారు, ప్రతిజ్ఞ చేయిస్తారు. చేతులు చాచి ప్రతిజ్ఞ చేసినవాళ్లలో నేనూ ఉన్నాను. అయినా నా కాలికి కుట్లు పడ్డది పెరట్లోనే.

ఒక లెక్క చూద్దాం. నా మిషన్ బ్లేడు పొడవు 18 అంగుళాలు. ఇలాంటి మిషన్లలో బ్లేడు ఇంజను ఇరుసుకే నేరుగా బిగించి ఉంటుంది. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగితే బ్లేడూ అంతే. అంటే సెకనుకు 50 చుట్లు. ఆ లెక్కన బ్లేడు కొన సెకనుకు 70 మీటర్ల పైన, గంటకు దాదాపు 260 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఆ కొనకు తగిలిన రాయి, మేకు, తీగ ముక్క ఎంత జోరుతో ఎగురుతుందో ఊహించుకోండి. వర్క్‌షాపులో ఇంత జోరుగా తిరిగేదేదైనా ఉంటే దాని చుట్టూ కంచె కట్టి, ఎర్ర బోర్డు పెడతారు. ఇంట్లో దాని వెనకే చెప్పులేసుకుని నడుస్తాం.

నెట్టుడు మిషన్లు రెండు రకాలు. గెస్ట్‌హౌస్ లాన్లలో మాలీలు కిర్రుకిర్రుమంటూ తోసేది మొదటిది. ఇంజను ఉండదు, చక్రాలు తిరిగితే వాటితో పాటు రోలరు లాంటి బ్లేళ్ల చుట్ట తిరిగి గడ్డిని కత్తిరిస్తుంది. 1830లో ఇంగ్లండులో ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన చేసిన మొదటి గడ్డి మిషన్ ఇదే తరహాది. బట్టల మిల్లులో గుడ్డ మీది నూగును సమంగా కత్తిరించే యంత్రాన్ని చూసి ఆయనకు ఈ ఆలోచన వచ్చిందట. మగ్గం గుంటలు ఎరిగిన మన జిల్లాల వాళ్లకు ఆ సంగతి చెప్తే ముచ్చటపడతారు. ఈ రకం పొట్టి గడ్డికి బంగారం లాంటిది, పొడుగు గడ్డికి మాత్రం పనికిరాదు. గడ్డి కోయదు, పడుకోబెట్టి పైనుంచి పోతుంది. వెనక్కి తిరిగి చూస్తే గడ్డి మళ్లీ లేచి నిలబడి ఉంటుంది. కాబట్టి ఇక్కడ నేను మాట్లాడేది రెండో రకం గురించి: పెట్రోలు ఇంజను, కింద గుండ్రంగా తిరిగే బ్లేడు, పైన రేకు డొప్ప.

పాతది కొన్నప్పుడు నేను చూసింది ఒక్కటే, ఇంజను అందుకుంటుందా లేదా అని. అది చివర చూడాల్సింది. ముందు చూడాల్సింది అది ఎలా ఆగుతుందో. అమెరికాలో 1982 జూన్ 30 తర్వాత తయారైన ఇంటివాడకం నెట్టుడు మిషన్లన్నిటికీ ఒక నిబంధన ఉంది: పిడి మీది లివరు వదిలిన 3 సెకన్లలో బ్లేడు ఆగిపోవాలి. మన దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో దొరికే వాటిలో కొన్నిటికి ఆ లివరే ఉండదు. కొన్నిటికి ఉన్నా, మాటిమాటికీ పట్టుకోవడం ఇబ్బందని ఎవరో మహానుభావుడు పిడికి తాడేసి కట్టేసి ఉంటాడు. నా దానికి బైండింగ్ వైరుతో కట్టి ఉంది. బాయిలో హాలర్ బ్రేకుకు అలా కడితే ఏమవుతుందో తెలిసిన మనిషిని, ఇంట్లో ఆ కట్టు చూసి "మంచిగనే చేసిండు" అనుకున్నాను. ఇప్పుడు దాన్ని విప్పేశాను. మీది ఏ రకమైనా చదునైన నేల మీద ఒకసారి నడిపి, ఆపి, చప్పుడు పూర్తిగా చచ్చేదాకా ఒకటి, రెండు అని లెక్కపెట్టండి. ఇంజను ఆగాక కూడా బ్లేడు ఎంతసేపు తిరుగుతుందో మీ చెవికి తెలియాలి. అన్ని సెకన్లూ మీ చేతులు పిడి మీదే ఉండాలి.

తర్వాత వెనక రబ్బరు తెర. రేకు డొప్ప వెనక, మన కాళ్ల వైపు వేలాడే ఈ తెర పాత మిషన్లకు చాలావరకు ఊడిపోయి ఉంటుంది. నా కాలికి తీగ వచ్చింది ఆ ఖాళీలోంచే. లారీల మడ్‌ఫ్లాప్ ముక్క ఒకటి మెకానిక్ షాపులో అడిగి తెచ్చి, మూడు బోల్టులు వేసి బిగించాను. పక్కనుంచి గడ్డి పడే మూతిని కప్పే రేకు కూడా ఉండాలి. గడ్డి అడ్డుపడుతోందని దాన్ని పైకెత్తి కట్టేయడం మరో పాత అలవాటు. ఆ మూతి తుపాకీ గొట్టంతో సమానం. అటువైపు మనిషి, పశువు, కిటికీ అద్దం, ఆడుకునే పిల్లలు, ఏదీ ఉండకూడదు.

బ్లేడు ముట్టుకునే ముందు ప్లగ్గు మీది వైరు టోపీ పీకి, దూరంగా మలిచి పెట్టండి. ఇది ఈ అధ్యాయం మొత్తంలో మీరు మరిచిపోకూడని సంగతి. ఇంజను ఆగి ఉంది కదా అని చేత్తో బ్లేడు తిప్పితే ఇరుసు తిరుగుతుంది, పిస్టను కదులుతుంది, లోపల పెట్రోలు ఆవిరి ఉంటే నిప్పు పుడుతుంది. తాడు లాగకుండానే ఒక చుట్టు తిరగొచ్చు. వేళ్లు పోవడానికి ఒక్క చుట్టు చాలు. కరెంటు పనిలో షట్‌డౌన్ తీసుకుని, ఫ్యూజు పీకి జేబులో వేసుకునే లైన్‌మెన్‌ను చూసే ఉంటారు. ప్లగ్గు వైరు పీకడం అచ్చం అదే. ఇరుక్కున్న గడ్డిని తీయడానికి కూడా వేలు కాదు, కర్ర.

వైరు పీకాక మిషన్‌ను పక్కకు వంచాలంటే గాలి ఫిల్టరు, కార్బురేటరు ఉన్న వైపు పైకి ఉండేలా వంచండి. అటు కిందికి పెడితే ఇంజనాయిలు ఫిల్టరులోకి దిగి, తర్వాత గంటసేపు తాడు లాగినా తెల్ల పొగ తప్ప ఏమీ రాదు. బ్లేడు మొద్దుబారితే గడ్డి తెగదు, నలుగుతుంది, ఇంజను మీద బరువు పడుతుంది. పదును రెండు వైపులా సమంగా పెట్టాలి. సమంగా ఉందో లేదో తెలుసుకోవడానికి నేను ఫిట్టరు పద్ధతే వాడతాను: గోడకు మేకు కొట్టి, బ్లేడు నడిమి రంధ్రాన్ని దానికి తగిలిస్తాను. ఒక కొన కిందికి వాలితే ఆ కొనను ఇంకాస్త అరగదీయాలి. తాసులా అడ్డంగా నిలిస్తే సరే. వాలిన బ్లేడును అలాగే బిగిస్తే మిషన్ చేతులు మొద్దుబారేలా వణుకుతుంది, బోల్టు వదులవుతుంది. బ్లేడుకు పగులు కనబడితే మాత్రం వెల్డింగు గిల్డింగు పెట్టించకండి. కొత్తది కొనండి.

పెట్రోలు ఇంజను చల్లగా ఉన్నప్పుడే పోయాలి. నడిమధ్యలో అయిపోతే పావుగంట చెట్టు కింద కూర్చోండి, మంచినీళ్లు తాగండి. వేడి సైలెన్సరు మీద ఒక్క చుక్క పడితే చాలు. పోయిన ఏడాది మిగిలిన పెట్రోలుతో స్టార్టు చేయాలని చూడకండి, అది కార్బురేటరులో జిగురు కట్టి ఉంటుంది.

ఇక నేల సంగతి.

బాపు చెప్పేవాడు, బాయిలో కొత్త చోటికి వెళ్లగానే సర్దార్ చేసే మొదటి పని పైకప్పు తట్టి చూడటం. చేతిలో కర్ర ఉంటుంది. ఒక చేయి కప్పుకు ఆనించి, కర్రతో పొడుస్తాడు. ఖంగుమంటే రాయి గట్టిది. బొదబొదమంటే లోపల పొర విడిచింది, ఎప్పుడైనా ఊడుతుంది. ఆనించిన చేతికి అదురు తెలుస్తుంది. కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. "కన్ను మోసం జేస్తది, కర్ర జెయ్యది" అని ఆయన మాట.

నా కుట్లు మానాక, మళ్లీ గడ్డి కోయాల్సిన రోజు, బాపు ఒక పొడుగు కర్ర తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆయన కాళ్లకు బాయి బూట్లు ఉన్నాయి. రిటైరైన నాటి నుంచి అటక మీద ఉన్నవి. తోలు బిరుసెక్కి, లేసులు తెగి ఉంటే జనుప తాడు కట్టుకున్నాడు. ఇద్దరం పెరట్లో ఒక చివర నుంచి నడవడం మొదలుపెట్టాం. ఒక్కో అడుగు, కర్రతో గడ్డిని అటూ ఇటూ తోయడం, నేలను పొడవడం, వినడం. మెత్తగా దిగితే మట్టి. టక్కుమంటే ఆగి, వంగి, గడ్డి పక్కకు తోసి చూడాలి.

ఆ రోజు ఆ చిన్న పెరట్లో దొరికినవి: ఇటుక ముక్కలు పదకొండు, ఒక సైకిలు చైను, పగిలిన సిమెంటు తొట్టి అంచు, బట్టలారేసే తీగకు కట్టి వదిలేసిన జీఐ తీగ ముక్కలు గుప్పెడు, ఒక స్పానరు. ఆ స్పానరు కోసం నేను రెండేళ్ల కింద పక్కింటాయనను అనుమానించాను. ఒక మూలన నేల నల్లగా, గరగరలాడుతూ ఉంది. వెనకటికి మాకంటే ముందున్నవాళ్లు బొగ్గుల పొయ్యి బూడిద పారబోసిన చోటు. గ్యాసు రాకముందు ఈ ఊళ్లో ప్రతి ఇంటి వెనకా ఇలాంటి దిబ్బ ఒకటి ఉండేది. పైన పచ్చగా గడ్డి మొలిచి ఏమీ తెలియదు, కింద మాడిన రాళ్లు. బ్లేడుకు అందితే తుపాకీ గుండ్లే. ఆ జాగాను మిషన్‌కు వదలకుండా కొడవలికి వదిలేశాం. దొరికిన ప్రతి గుంతకూ, తీయలేని మొద్దుకూ పక్కన ఒక పుల్ల పాతి ఎర్ర గుడ్డ కట్టాం.

కర్రకు ఇంకో పని ఉంది. పాములు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయి ఉంటారని పరిశోధకులు లెక్కగట్టారు. ఏడాదికి సగటున 58,000 మంది. అందులో దాదాపు సగం జూన్, సెప్టెంబరు మధ్య, అంటే సరిగ్గా మన గడ్డి పెరిగే నెలల్లో. ఆ చావులు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల జాబితాలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉంది, అంటే తెలంగాణా ఉన్నట్టే. నాగుపాము, కట్లపాము చప్పుడైతే చాలాసార్లు తప్పుకుని పోతాయి. రక్తపింజర పోదు. ఉన్నచోటే చుట్ట చుట్టుకుని, కుక్కర్ విజిలు ముందు వచ్చే బుస్సు లాంటి చప్పుడు చేస్తుంది. మిషన్ మోతలో ఆ బుస వినబడదు. అందుకే మిషన్ కంటే ముందు కర్ర నడవాలి.

పాముకు నేల అదురు తెలుస్తుంది. కాబట్టి దానికి దారి వదలడం తెలివి. చాలామంది ప్రహరీ వెంబడి చుట్టూ కోసుకుంటూ మధ్యలోకి వస్తారు. అలా చేస్తే పెరట్లో ఉన్న ప్రాణులన్నీ నడిమి గడ్డిలో చిక్కుకుంటాయి, ఆఖరి నాలుగు గజాల్లో పామూ మీరూ ఎదురుపడతారు. ఇంటి గోడ పక్కనుంచి మొదలుపెట్టి బయటి వైపుకు కోసుకుంటూ పోండి. వెళ్లేవి వెళ్లిపోతాయి. ఎవరినైనా కాటేస్తే కోయడం, పీల్చడం, బిగించి కట్టడం, మంత్రం వేయించడం ఏవీ వద్దు. కాలు కదలకుండా ఉంచి, ఉంగరం, పట్టీ లాంటివి తీసేసి, 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు మందు ఉండే పెద్దాసుపత్రికి చేర్చండి. పామును చంపి పట్టుకెళ్లక్కర్లేదు. దాని వెంట పడితే రెండో కాటు పడుతుంది.

అన్ని మొక్కల మీదికీ మిషన్ తోలకూడదు. తెల్ల పూలతో ఉన్న వయ్యారిభామ, అదే మన కాంగ్రెస్ గడ్డి, 1950లలో పుణె దగ్గర కనబడి దేశమంతా అల్లుకుంది. పూత మీద ఉన్నప్పుడు దాన్ని మిషన్‌తో కొడితే పుప్పొడి మొహానికే వస్తుంది. దద్దుర్లు, ఆయాసం ఉన్నవాళ్లు నెల రోజులు బాధపడతారు. పూతకు ముందు, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు, చేతికి తొడుగు వేసుకుని వేర్లతో పీకేయడమే దారి. దురదగొండి తీగ కంచెకు పాకి ఉంటే సంగతి ఇంకా ఘోరం. దాని కాయల నూగు గాలిలో లేచిందంటే మీరే కాదు, పక్క మూడు క్వార్టర్ల వాళ్లు గోక్కుంటారు. తుంగ సరే, ఎంత కోసినా కింద గడ్డ ఉన్నంతకాలం మళ్లీ వస్తుంది. దానితో పంతం పెట్టుకోకండి.

గునుగు మాత్రం వేరే కథ. బతుకమ్మ ముందు గునుగు మీద మిషన్ నడిపిన మగవాడికి ఇంట్లో అన్నం పుట్టదు. నేను ఆ తప్పు ఒకసారి చేశాను. ఆ ఏడు మా ఇంటి బతుకమ్మకు పూలు కొనాల్సి వచ్చింది, నా ఖర్చుతో, వాడ మొత్తానికి తెలిసేలా. ఇప్పుడు ప్రహరీ మూల రెండు గజాలు సద్దుల బతుకమ్మ దాకా ముట్టను.

కోతకు వస్తే, ఒంటి మీద నిండు ప్యాంటు, కంటికి అద్దాలు, కాళ్లకు బాయి బూట్లు. బూట్లు పాతవైనా పర్వాలేదు, ముందు ఇనుప టోపీ ఉంటే చాలు. లుంగీ, కండువా, వేలాడే తాయెత్తు తాడు వద్దు. పిల్లలు ఇంట్లో, తలుపు గొళ్లెం పెట్టి. పొద్దున మంచు ఆరాకే మొదలుపెట్టాలి. తడి గడ్డి డొప్పకు పిండిలా అంటుకుంటుంది, కాలు జారుతుంది. అలాగని పదకొండు దాటనివ్వకూడదు. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే ఊరు మనది, వానలు వెలిసాక వచ్చే ఎండ దానికి తమ్ముడే, పైగా ఉక్కపోత. బాయిలో చెమట అలవాటైనవాళ్లు కూడా పెరట్లో కళ్లు తిరిగి పడ్డారు.

మోకాలు దాటిన గడ్డిని మిషన్‌తో మొదలుపెట్టకండి. ముందు కొడవలితో పైపైన కోసి, బెత్తెడు మీద ఇంకాస్త ఉండేలా దించి, కోసింది పక్కకు ఎత్తేయాలి. అప్పుడు మిషన్ బ్లేడును దానికున్నంత పై మెట్టులో పెట్టి ఒక తడవ, రెండు మూడు రోజులాగి ఒక మెట్టు దించి ఇంకో తడవ. నిండు వెడల్పు మింగించకూడదు, సగం వెడల్పే గడ్డిలో ఉండాలి, మిగతా సగం కోసిన చోట మీదుగా పోవాలి. గడ్డి పడే మూతి కోసిన వైపుకే ఉండాలి. వాలు నేలైతే ఎగువకూ దిగువకూ కాకుండా అడ్డంగా నడవండి. ఎగువకు తోస్తూ జారితే మిషన్ మీ మీదికే వస్తుంది. వెనక్కి లాగడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. కాలు ఎక్కడుందో చూడకుండా బ్లేడును కాలి మీదికి లాక్కోవడమే అది. తిరగాల్సి వస్తే ముందుకే గుండ్రంగా తిరగండి.

చెవి ఇంజను మీద పెట్టండి. ఇంజను మాట్లాడుతుంది. గొంతు బరువెక్కి, చప్పుడు లావైతే బరువు ఎక్కువైందని. అప్పుడు తోయకూడదు, పిడి కిందికి నొక్కి ముందు చక్రాలు లేపకుండా, ఉన్నచోటే కాసేపు ఆగనివ్వాలి, అది ఊపిరి తీసుకుంటుంది. ఆ సెప్టెంబరు ఆదివారం నా మిషన్ మూడుసార్లు చెప్పింది. నాలుగోసారి నేను అరిచాను, అది తీగతో జవాబిచ్చింది. పట్టుదల మంచి గుణమేనని ఇదే పుస్తకంలో రెండు అధ్యాయాలు రాశాను. తిరిగే బ్లేడు ముందు మాత్రం అది గుణం కాదు. మిషన్ మీద కోపం వచ్చిందంటే, ప్లగ్గు వైరు పీకి చాయ్ తాగే వేళ అయిందని అర్థం.

ఆసారి మా ఇద్దరికీ ఆ పెరడు రెండు పూటలు పట్టింది. వెనకటికైతే నేను గంటలో అయిపోవాలనుకునేవాణ్ని. పని ముగిశాక వైరు పీకి, డొప్ప కింద అంటుకున్న గడ్డిని చెక్క ముక్కతో గీకి, మిగిలిన పెట్రోలును బండిలో పోసుకుని, మిషన్‌ను మెట్ల కింద పెట్టాను. బాపు ప్లగ్గు టోపీని మళ్లీ బిగించవద్దన్నాడు. "ఇంట్ల పోరగాండ్లున్నరు. ఊసి ఉండనీ."

గడ్డి కుప్ప కోసం పక్క ఊరి నుంచి బర్రెలాయన సైకిలు మీద వచ్చాడు. మేము ఎత్తి మోపు కట్టబోతే ఆగమన్నాడు. కుప్ప ముందు గొంతుక్కూర్చుని, గడ్డిని పిడికెడు పిడికెడు తీసి, విదిలించి, చేత్తో తడిమి పక్కన పెట్టడం మొదలుపెట్టాడు. వయ్యారిభామ ఉంటే పాలు చేదెక్కుతాయట. అలాంటి మొక్క ఒకటి రెండు ఏరి అవతల పడేశాడు. తర్వాత ఇంకేదో చేతికి తగిలింది. వెలుగులోకి ఎత్తి చూశాడు, వేలెడు జీఐ తీగ.

"గిది బర్రె కడుపుల పడితె ఏమైతదో తెలుసా సారూ?" అని, దాన్ని బాపు చేతిలో పెట్టాడు. బాపు ఆ తీగను బూటు పక్కన నేల మీద ఉంచి, బర్రెలాయన ఎదురుగా తానూ గొంతుక్కూర్చుని, రెండో కుప్ప విడదీయడం మొదలుపెట్టాడు.